కొత్త తిట్టుంటే చెప్పు

చాంది మా అన్న దేవ్లా కూతురు. ఇరవై రెండేళ్లుంటాయి. అశ్వారావుపేట దాటాక మా తండా. ఇంటర్ మధ్యలో మానేసి, నాలుగేళ్లుగా నాతోపాటు పామాయిల్ గెలలు లోడు చేస్తోంది. గెలంటే పాతిక కిలోల ముళ్ల బరువు. ఇనప చువ్వతో పొడిచి, తలపై నుంచి ట్రాక్టర్ ట్రక్కులోకి విసరాలి. మా ముఠాలో ఆ పని చేసే ఆడపిల్ల ఇదొక్కతే.

మొదటి రోజు మా ముఠాలోని సీతయ్య ఎకసెక్కమాడాడు.

"ఏందే, రాలిన పండ్లు ఏరుకునేదానివి, చువ్వ పట్టుకున్నవ్?"

"అవ్ మామా. నువ్వు ఇసిరిన గెల ట్రక్కు దాటి గవతల పడ్డది. ఏరనీకే వచ్చిన."

ముఠా అంతా పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి చాంది ఒక్కో విసురుకు ఒక్కో మాట కట్టి పాడేది. మాకు నడుం నొప్పి తెలిసేది కాదని చెప్పను గానీ, మధ్యాహ్నం జల్దీ అయ్యేది.

ఆ నోరు దానికి రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి ఫోను. ఏదో దేశంలో నల్లవాళ్ల పిల్లలు ఎదురెదురుగా నిలబడి మాటకు మాట కట్టి కొట్టుకుంటారు. ర్యాప్ అంటారట.

"కాకా, వీళ్లది మన రంగే. ఒక్కడన్న తల దించుతుండా చూడు," అని నాకు చూపించింది.

రెండోది మా తండా ముసలమ్మ పూలి. మా పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెళ్లికొడుకును చుట్టుముట్టి పాటలతో తిడతారు. వాడికి కోపం వచ్చిందా, వాడు ఓడినట్టే. ఆ పాటలకు పూలి పెద్ద. ఆమె పెట్టిన కట్టు ఒకటుంది: ఒకసారి వాడిన తిట్టు ఆ పందిట్లో మళ్లీ వాడకూడదు.

మొన్న ఆదివారం సత్తుపల్లిలో ఒక ఫంక్షన్ హాల్‌లో ర్యాప్ పోటీ పెట్టారు. గెలిచినవాళ్లను ఖమ్మం పోటీకి తమ టీంలో తీసుకుపోతారు. చాంది లోడింగ్ అంగీతోనే బయల్దేరింది. తోడు నేను వెళ్లాను. పోటీ పెట్టిన కుర్రాడు దాన్ని కింది నుంచి మీదికి చూశాడు.

"లిస్టు ఫుల్లయింది. అద్దాల లంగా తెప్పించినం, నువ్వు తండా డాన్స్ చెయ్. జనానికి గదే నచ్చుతది."

"డాన్స్ చేయనీకి రాలే. నా పేరు రాయి."

చాంది పోయి స్టేజి మీద కుర్చీలో కూర్చుంది. దిగమన్నా దిగలేదు. పావుగంట చూసి ఆ కుర్రాడే తగ్గాడు.

"సరే, ఒక్క రౌండ్. ఓడితే లంగా ఏసుకొని ఆడాలె."

"గెలిస్తే ఖమ్మం టీంల నేనుండాలె."

"గెలిచినప్పుడు చూద్దాం పో."

చాందికి పోటీగా వచ్చినవాడు ఆ ఊరి రాంబాబు. 'ఆర్ బాంబ్' అని పేరు పెట్టుకున్నాడు. మెడలో గొలుసు, అంగీ మీద పులి. రాగానే అందుకున్నాడు.

"బొగ్గు బాయిల పుట్టినవా, తారు డబ్బల పడ్డవా,
కరెంటు పోతే పిల్లా, పండ్లే కనపడతయా!"

హాలు హాలంతా ఈలలు. నేను కుర్చీలోంచి లేవబోయాను. చాంది మాత్రం నవ్వుతూ మైకు అందుకుంది.

"స్టేజి మీద ఆర్ బాంబు, ఇంట్ల అమ్మకు రాంబాబు,
అంగీ మీద పులి బొమ్మ, బల్లి పడితే బాబో బాబో!
గొలుసు జూస్తే దోస్తుగానిది, బండి జూస్తే బాబాయిది,
కాళ్ల చెప్పులు నీయేనా, గవి గూడ కిరాయివా?"

ఈసారి ఈలలు ఇటు తిరిగాయి. రాంబాబు మొహం ఎర్రబడింది. పాట మరిచాడు.

"ఏయ్ నల్లదానా! తండాల పడుండేదానివి, స్టేజి ఎక్కనిస్తే..."

చాంది చెయ్యెత్తింది. బాక్సుల్లో మోత ఆగిపోయింది.

"ఆగు తమ్మీ. నలుపు ఒక్కపాలి అన్నవ్, నవ్విన. మళ్ల గదేనా? బొగ్గు, తారు, కాకి... మా బడిల చిన్నపోరగాండ్లే గవన్నీ అనేసిన్రు. రెండో తరగతిల్నే అయిపోయినయ్. నా రంగు మీదనే చెప్పు, నేనొద్దంటలే. కొత్తదుంటే చెప్పు."

రాంబాబు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. చాంది చేతులు కట్టుకుని నిలబడింది. మామూలుగా కాదు, బస్సు కోసం నిలబడ్డట్టు తీరిగ్గా. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు.

"నువ్వు... నల్ల..."

"గది అయిపోయింది రా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

హాలు గొల్లుమంది. వాడు మైకు కుర్చీలో పడేసి దిగిపోయాడు. పోటీ పెట్టిన కుర్రాడు కాగితం పట్టుకుని ఇంకా ఆలోచిస్తున్నాడు. చాంది వాడి ముందుకు పోయి, కాగితం మీద వేలు పెట్టింది.

"ఖమ్మం లిస్టుల రాయన్నా. చాంది. పక్కన తండా పేరు గూడ రాయి, పెద్దగ."