మీ బూట్లు కనిపించలేదు

మా చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి ఆరాధన కాగితాలు అందించే పెద్దాయన పోయారని మంగళవారం పొద్దున ఈమెయిల్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ఆయన చేసిన ఉద్యోగం, ముందే పోయిన భార్య, ఒరెగాన్‌లో ఉన్న కూతురు, అన్నీ అందులో రాశారు. నా బూట్ల సంగతి రాయలేదు. వాళ్ళకి తెలియదు కాబట్టి నేను రాస్తున్నాను.

2006 జనవరిలో న్యూజెర్సీలోని పార్సిప్పనీ వచ్చాను. మా ఆయన వారమంతా వేరే రాష్ట్రంలో క్లయింట్ దగ్గర ఉండి, ఆదివారం మధ్యాహ్నందాకా నిద్రపోయేవారు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళగలిగిన చర్చి ఒక్కటే, ఎపిస్కోపల్ వాళ్ళది. ఆరాధన మా గుంటూరు చర్చిలో లాగే ఉంటుందని విని మంచులో బయల్దేరాను.

అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, తల మీద చున్నీ కప్పుకుని లోపలికి వెళ్ళాను. ప్రభు భోజన సంస్కారం తీసుకోవడానికి మోకరించినప్పుడు చూశాను, నాకు తప్ప అందరి కాళ్ళకీ బూట్లున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. చివరి పాట అవకముందే గుమ్మం దగ్గరికి వస్తే నా బూట్లు లేవు. ఎవరో పారేశారనుకున్నాను. పెద్దాయన కిటికీ కింద ఉన్న పాత ఇనప హీటర్ వైపు చూపించారు. దాని మీద రెండూ పక్కపక్కనే ఆరుతున్నాయి.

"తడిగా ఉన్నాయి," అన్నారు. అంతే.

తర్వాతి వారం బూట్లతోనే లోపలికి పోదామనుకున్నాను. గుమ్మంలో ఆయన్ని చూసి మళ్ళీ విప్పాను. అదే అలవాటైపోయింది, ఇద్దరికీ.

ఆయన కోటు జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉండేవి. కళ్ళజోడుకి ఒక పక్క టేపు. ఎవరు ఆలస్యంగా వచ్చినా "ఇంకా చోటుంది" అనేవారు, సగం చర్చి ఖాళీగా ఉన్నా సరే. ఆరాధన తర్వాత కాఫీ దగ్గర అందరూ "ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వినకుండా ముందుకి వెళ్ళిపోయేవాళ్ళు. మేమిద్దరం గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని, కప్పులు ఖాళీ అయ్యేదాకా లేచేవాళ్ళం కాదు. నేను కూర్చునేది ఆయన భార్య కుర్చీ అని రెండేళ్ళ తర్వాత చెప్పారు.

సభ్యత్వం తీసుకోవాలంటే పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెమ్మని పాస్టరమ్మ అన్నారు. తెప్పించాను. కానీ అది ఇచ్చేస్తే గుంటూరు రిజిస్టర్‌లో నా పేరు కొట్టేస్తారు.

"ఈ ప్రాజెక్ట్ అయిపోతే డల్లాస్ మూవ్ అవ్వాలేమో. ఇక్కడ మెంబర్‌షిప్ తీసుకుని ఏం చేస్తావ్?" అన్నారు మా ఆయన.

అక్కడ పేరు పోయి, ఇక్కడా ఎవరికీ కాకుండా మిగిలిపోతానేమోనని భయం వేసింది. ఉత్తరం ఏడాదిపాటు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

ఆ చలికాలం ఫ్లూ వచ్చి రెండు ఆదివారాలు వెళ్ళలేదు. మా ఆయన కూడా పని వల్ల ఇంటికి రాలేదు. రెండో ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మీ బూట్లు కనిపించలేదు," అన్నారు పెద్దాయన.

జ్వరమని చెప్పాను.

"సూప్ తెచ్చి తలుపు దగ్గర పెట్టి వెళ్తాను. మీరు లేవక్కర్లేదు."

నేను రాలేదని ఈ దేశంలో గమనించిన మొదటి మనిషి ఆయన. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. జ్వరం తగ్గగానే వెళ్ళి ఉత్తరం ఇచ్చేశాను.

బిషప్‌గారు వచ్చిన ఆదివారం అందరి ముందూ నన్ను సంఘంలో చేర్చుకున్నారు. నా వాళ్ళంటూ ఎవరూ లేరనుకుంటూ వెనక్కి తిరిగాను. గుమ్మం దగ్గర పెద్దాయన బూట్లు విప్పేసి సాక్సులతో నిలబడి ఉన్నారు. ఎడమ కాలి బొటనవేలు చిరుగులోంచి బయటికి వచ్చింది.

"మీరొక్కరే అలా నిలబడితే బాగుండదు కదా," అన్నారు తర్వాత కాఫీ దగ్గర.

మేం డల్లాస్ వెళ్ళలేదు. ఆరేళ్ళు ప్రతి చలికాలం వెచ్చటి బూట్లతో ఇంటికి నడిచాను.

శనివారం ఆయన అంత్యక్రియలకి మంచులో నడిచి వెళ్ళాను. గుమ్మంలో కొత్తాయన ఎవరో కాగితం అందించారు. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చి, అలవాటుగా హీటర్ దగ్గరికి వెళ్ళాను. దాని మీద ఏమీ లేదు. నా బూట్లు నేను విప్పిన చోటే, తలుపు పక్కన, కరిగిన మంచుతో తడిసి ఉన్నాయి. వాటినే వేసుకున్నాను. ఇల్లు చేరేదాకా కాళ్ళు వెచ్చబడలేదు.