సెల్విన్ వేసిన నాలుగో గోడ

హోకిటికా అనే చిన్న ఊళ్ళో సెల్విన్ హార్గెస్ట్‌ని ఎరగనివాళ్ళు తక్కువ. పాల ట్యాంకరు తోలుతూ ఆ చుట్టుపక్కల ప్రతి పశువుల కొట్టం ముందూ ఆగినవాడు. రిటైరయ్యాక కూడా తెల్లవారకముందే లేచి, చేయడానికి పనేమీ లేక, పొయ్యి మీద కెటిల్ ముందు నిలబడి దాన్ని తొందరపెట్టేవాడు. మంచివాడే. ఒక్కటే చిక్కు. తనది పొరపాటంటే ఒప్పుకోడు. అలాగని పోట్లాడడు. తల పక్కకి వంచి జాలిగా చూస్తాడు, ఎదుటి మనిషికే ఏదో జబ్బు చేసినట్టు.

ఆ వసంతంలో, పచ్చికలో బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బు ఆడవాళ్ళ తేనీటి విందు సెల్విన్ వాళ్ళింట్లో పెట్టుకున్నారు. క్లబ్బు కార్యదర్శి అతని భార్య నోయెలీన్. ముందు గది గోడలకున్న గోధుమరంగు పువ్వుల కాగితం చూసి చూసి విసుగెత్తిపోయి ఉందేమో, దాన్ని గోళ్ళతో పీకి పారేసింది. గోడంతా బూడిదరంగు నమూనా ముక్కలు అంటించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వాన పడుతుంటే ఒకసారి చూసింది. చివరికి ఒకటి తేల్చింది. దాని పేరు ‘సగం మంచు పొద్దు’.

“సగమేంటి? పూర్తిగా తెల్లారనివ్వరా వీళ్ళు?” అన్నాడు సెల్విన్.

“నువ్వు గోడకి వెయ్యి చాలు. పేర్ల సంగతి వాళ్ళు చూసుకుంటారు.”

ఆ రంగు అమ్మే కంపెనీ కొట్టు గ్రేమౌత్‌లో ఉంది. పేరులోనే గ్రే ఉన్న ఊరికెళ్ళి గ్రే రంగు తెచ్చుకున్నారు. మూడు గోడలు చక్కగా వచ్చాయి. నాలుగోది నిప్పుగూడు ఉన్న గోడ. దానికి పైన ఒక చార వేసి, ఎలా ఉందో చూద్దామని వెనక్కి జరుగుతూ నిచ్చెన దిగిన సెల్విన్, కాలు నేల మీద కాక డబ్బాలో పెట్టాడు. కాలు మోకాలి దాకా సగం మంచు పొద్దు అయింది. మిగిలింది పరిచిన గుడ్డ తాగేసింది.

మర్నాడు గ్రేమౌత్ వెళ్దామంటే, రాత్రి కురిసిన వానకి కొండచరియ విరిగి రోడ్డు మూసేశారు. విందేమో శనివారం. సెల్విన్ ఊళ్ళోని సామాన్ల కొట్టుకే వెళ్ళాడు. అక్కడ అమ్మేది వేరే కంపెనీ రంగులు. కౌంటర్లో ఉన్న నైరీ, అతనితో పాటు ట్యాంకర్లు తోలిన హోవానీ కూతురు.

“అంకుల్, గోడ నుంచి నాణెమంత పెచ్చు తీసుకురండి. మెషీన్లో పెడితే దానికి దగ్గరగా మా రంగు కలిపిస్తాను.”

“మెషీనెందుకమ్మా? కళ్ళు లేవూ?”

రంగుల నమూనా కార్డుల స్టాండు ముందు నిలబడి, ఒకటి లాగి కౌంటరు మీద పెట్టాడు. నైరీ దాన్ని చూసింది, అతన్ని చూసింది.

“ఇదేనా? ఆంటీ చూసిందా?”

“ఆంటీ చూస్తే క్రిస్మస్ వస్తుంది. కలుపు.”

ఎవరి ఇల్లు వాళ్ళిష్టం అనుకుని నైరీ కలిపిచ్చింది. మధ్యాహ్నానికల్లా గోడ పూర్తి చేసి, చేతులు కడుక్కుని, సెల్విన్ గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నోయెలీన్ సంచీతో లోపలికొచ్చింది. సంచీ దింపలేదు.

“సెల్విన్.”

“ఊఁ. కలిసిపోయింది కదా?”

“దేంతో కలిసిపోయింది? స్ట్రాబెర్రీ ఐస్‌క్రీంతోనా?”

హాస్యమనుకుని సెల్విన్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. వెనక వీధిలో ఉండే చెల్లెలు వెర్నాకి ఫోను చేసింది. వెర్నా వానకోటు నుంచి నీళ్ళు కారుతుండగానే గుమ్మంలో నిలబడి, గోడని కింది నుంచి పైదాకా చూసింది.

“ముచ్చటగా ఉంది. పాప ఎప్పుడు పుడుతుంది?”

“ఏ పాప?”

“గోడకి గులాబీరంగు వేశావుగా బావా. ఎవరో ఒకరు పుట్టాలి కదా మరి.”

అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని సెల్విన్ తీర్మానించుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాడు వీళ్ళ వేషాలు. మర్నాడు ఉక్రోషంతో వెళ్ళి, అదే స్టాండులో మరో కార్డు లాగాడు. తనకైతే నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒక్కలాగే ఉన్నాయి. వాళ్ళ నోళ్ళు మూయించడానికి మార్చాడంతే. “ఈసారి ఖాయమేనా అంకుల్?” అని నైరీ అడుగుతుండగానే డబ్బా పట్టుకుని బయటికి నడిచాడు.

ఆ పూట గోడ ఆరాక నోయెలీన్ చూసి, గట్టిగా ఊపిరి వదిలింది.

“ఇప్పుడు బఠాణీ సూపు.”

సెల్విన్ నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు. “చాలు నోయెలీన్. వెర్నా అంటే వెర్నా. నువ్వు కూడా నన్నెందుకు ఇలా ఆడుకుంటావు? వేసిందల్లా బూడిదరంగే. నాలుగూ బూడిదరంగే. పొద్దున్నుంచీ చెయ్యి పడిపోతోంది నాకు.”

నోయెలీన్ ఆ ముఖం వంక చూసింది. అందులో మొండితనం లేదు. ఆవిడ పెరట్లో అద్దాల షెడ్డులోకి వెళ్ళి, రెండు టమాటాలు కోసుకొచ్చి అరచేతిలో పెట్టి చూపించింది. ఒకటి పండు, ఒకటి కాయ. రెండూ ఒకే సైజు.

“ఏది పండింది?”

సెల్విన్ నొక్కి చూడబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ముట్టుకోకు. చూసి చెప్పు.”

“ముట్టుకోకుండా టమాటా పండిందో లేదో ఎవడు చెప్పగలడు?”

“అందరూ చెప్పగలరు, సెల్విన్,” అంది నోయెలీన్ మెల్లగా.

మర్నాడు, దారి తెరిచున్న వైపు ఊళ్ళోని కళ్ళ డాక్టరు ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు.

“ఇందులో ఏ అంకె ఉంది?”

“అంకా? ఎవరికో తట్టు పోసినట్టుంది.”

పక్కన కూర్చున్న నోయెలీన్‌కి అంకె అంత పెద్దగా కనబడుతోంది. ఆవిడ పెదవి కొరుక్కుంది. నాలుగైదు పేజీలు తిప్పాక డాక్టరు పుస్తకం మూసింది.

“ఎరుపూ ఆకుపచ్చా మీకు విడివిడిగా తెలియవు. లేత గులాబీ, లేత ఆకుపచ్చ అయితే రెండూ బూడిదరంగులాగే ఉంటాయి. పుట్టుకతో వచ్చింది. ప్రమాదమేం లేదు.”

“నాకు అరవై తొమ్మిదేళ్ళమ్మా.”

“అవునండీ. అప్పటినుంచీ ఉంది.”

తిరిగొచ్చేటప్పుడు కారు నోయెలీన్ నడిపింది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. సెల్విన్‌కి, బళ్ళో టీచరమ్మ గుర్రం బొమ్మకి రంగు వేయమంటే తను వేసిచ్చిన కాగితం క్లాసంతటికీ ఎత్తి చూపించడం, అందరూ పగలబడి నవ్వడం గుర్తొచ్చింది. అశ్రద్ధ అని రాసింది ఆవిడ, కింద గీత గీసి. అమ్మ కూడా అదే అనేది. తను కూడా అదే అనుకుంటూ వచ్చాడు: నేను కాస్త అశ్రద్ధ మనిషిని, మాట మీద గట్టిగా నిలబడితే అది ఎవరికీ తెలియదు, అని.

“అశ్రద్ధ కాదన్నమాట,” అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

“కాదు.”

ఇంకొంత దూరం పోయాక సీట్లో నిటారుగా కూర్చున్నాడు. “మన పెళ్ళికి నేను వేసుకున్న సూటు గోధుమరంగే కదా?”

నోయెలీన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “ఆకుపచ్చ.”

“ఎంత ఆకుపచ్చ?”

“బిలియర్డ్స్ బల్లంత.”

“దేవుడా! మరి చెప్పలేదేం?”

“తెలిసే వేసుకొచ్చావనుకున్నాను. చర్చి నిండా జనం, మా అమ్మ ముఖం మాడిపోయింది, నువ్వేమో దొరలా నిలబడ్డావు. వీడికెంత ధైర్యం, వీణ్ణి వదులుకోకూడదనుకున్నాను.”

సెల్విన్ నవ్వడం మొదలెట్టాడు. ఆపుకోలేక డాష్‌బోర్డు చరిచాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. నోయెలీన్ బండి పక్కకి ఆపి, అతని నవ్వు అయ్యేదాకా కూర్చుంది. సగంలో ఆవిడకీ అంటుకుంది.

గోడ సంగతి మాత్రం అలాగే ఉంది. ఈసారి సెల్విన్ మొదటి గోడ నుంచి పెచ్చు కోశాడు. నాణెమంత చాలన్నా, పొరపాటు జరగకూడదని సాసరంత కోసి, ఆ కన్నం కనబడకుండా పటం తగిలించాడు. నైరీ దాన్ని మెషీన్‌కి చూపించి రంగు కలిపి, మూత మీద చుక్క పెట్టి ఆరబెట్టింది. నోయెలీన్ దాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి, మబ్బు వెలుతురులో అటూ ఇటూ తిప్పి సరేనంది. శుక్రవారానికి నాలుగు గోడలూ ఒక్కటయ్యాయి. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వెర్నా కూడా పట్టుకోలేకపోయింది. పట్టుకోవడానికి చాలా ప్రయత్నించింది.

శనివారం విందుకి ఆడవాళ్ళంతా వచ్చారు. పిత్తపరిగె చేపల అట్లు వేడివేడిగా పళ్ళేల్లోకి వెళ్ళాయి, ఖాళీ పళ్ళేలు తిరిగొచ్చాయి. గది బావుందన్నారు. ఆకుపచ్చ సూటు కథ వెర్నా చెప్పబోతుంటే సెల్విన్ ఆవిడ్ని ఆపి, తనే చెప్పాడు. ఆవిడకంటే బాగా చెప్పాడు. నైరీ కూడా కొట్టు మూసి, పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి వింది.

సాయంత్రం మబ్బు దట్టమై ఎవరో దీపం వేశారు. నోయెలీన్ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగింది.

“నైరీ. ఆ నాలుగో గోడ ఊదారంగుగా లేదూ?”

నైరీ తల గోక్కుంది. “రెండు కంపెనీలు కదా ఆంటీ. వాటిలో కలిపే రంగుపొడులు వేరు. పగటి వెలుతుర్లో కలుస్తాయి, దీపం కింద విడిపోతాయి. నాకు ముందే తట్టి ఉండాల్సింది.”

“లేత వంకాయ రంగు,” అంది వెర్నా తృప్తిగా.

ఆడవాళ్ళంతా లేచి, గోడ దగ్గరికొకసారి, దూరంగా ఒకసారి నడిచి వాదించుకున్నారు. నోయెలీన్ ఆ వారమంతా బల్బులు మార్చింది, దీపం జరిపింది, ముందు గదిలో ప్రశాంతంగా కూర్చోలేకపోయింది. సెల్విన్ మాత్రం అదే గదిలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకున్నాడు. అతనికి గోడలన్నీ ఒకటే. “నీకు ఊదారంగంటే ఊదారంగే,” అన్నాడు, తల కూడా వంచకుండా. రోడ్డు తెరిచాక గ్రేమౌత్ వెళ్ళి అసలు డబ్బా తెచ్చి గోడ మళ్ళీ వేశాడు, నోయెలీన్ వెనక నిలబడి చెబుతుంటే.

ఆ నెలలోనే బౌల్స్ క్లబ్బులో ఇద్దరు మగవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారట. ఊరందరికీ చెప్పింది వెర్నాయే.