ఏసమ్మత్త అరవై పోగులు

మా ఏసమ్మత్త పోయిన ఏడాది ఒక పెళ్లిని ఆపింది, ఒక బస్సుని ఆపింది, జర్మనీ దేశాన్ని మూడు గంటలు నిలబెట్టింది. మూడింటికీ ఆయుధం ఒక్కటే: మెళ్లో సిలువ పక్కన నల్లదారానికి వేలాడే ఉసిరికాయంత భూతద్దం. కనపడ్డ గుడ్డనల్లా పట్టుకుని అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టడం ఆవిడ జబ్బు. గుడ్డలో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆవిడకి అనవసరం.

రామచంద్రపురం పక్కన మా చేనేత సంఘంలో గుడ్డ చూసి పాస్ చేసే పని ఆవిడది. నలభై మగ్గాల మీద నేసిన నూలు గుడ్డ తానులు తానులుగా జర్మనీ వెళ్లి అక్కడ కిటికీలకు కర్టెన్లవుతుంది. నిలువు పోగులు అరవై, అడ్డం పోగులు అరవై ఉండాలి. యాభై తొమ్మిది వచ్చిందా, తాను వెనక్కి. మగ్గాల దగ్గర్నుంచి సంఘానికీ, అక్కణ్నుంచి రేవుకీ ఆ తానులు మోసే వ్యానుకి డ్రైవర్ని నేను. ఇంటర్ మధ్యలోనే మానేశాను గానీ, నాతో చదివి ప్యాసైనవాళ్లెవరూ నా అంత దేశసేవ చెయ్యలేదు. జర్మనీలో సగం కిటికీలు నేను మూసినవే.

ముందు పెళ్లి సంగతి. చర్చిలో పెళ్లికొడుకు ఉంగరం తొడగబోతుంటే ఏసమ్మత్త ముందు వరసలోంచి లేచి వెళ్లి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పాస్టరుగారు పుస్తకం మూశారు.

“ఏంటండి ఏసమ్మగారూ, ఈ పెళ్లికి ఏమన్నా అభ్యంతరమా?”

“పెళ్లికి లేదండి, చొక్కాకే. మిల్లు గుడ్డ ఇది. నలభై ఎనిమిది. కొట్టువాడు ఏమని అమ్మాడు బాబూ?”

“చేనేత అన్నాడండి,” అన్నాడు పెళ్లికొడుకు ఏడుపు మొహంతో.

“ఎవరేం చెప్పినా అలా నమ్మెయ్యకు. ఊఁ, తొడుగు ఉంగరం.”

బస్సు సంగతి ఇంకా చిన్నది. ద్వారపూడి బస్సులో ఒకాయన లుంగీ పోగులు లెక్కపెడుతుంటే, యాభై ఒకటి దగ్గర ఆయన స్టాపు వచ్చేసింది. ఆయన మెట్టు దిగాడు. లుంగీ అంచు మాత్రం ఆవిడ చేతిలోనే ఉంది. ఆయన పరువు కోసం మిగతాది రాయడం లేదు. లెక్క తేలాకే బస్సు కదిలిందనీ, డ్రైవరు కూడా దిగొచ్చి “ఎంత తేలిందండి” అని అడిగాడనీ మాత్రం చెప్పగలను.

ఇక జర్మనీ. రెండొందల తానుల లోడు రేవుకి బయలుదేరే ముందురోజు, కొనే కంపెనీ తరఫున సరుకు చూడడానికి చెన్నై నుంచి సురేష్‌బాబు అనే ఆయన వచ్చాడు. ఒక తాను విప్పాడు, తడిమాడు. ఇంకోటి విప్పాడు. పదోది విప్పేసరికి మొహం మారిపోయింది.

“ఇది చేత్తో నేసిన గుడ్డ కాదండి. మరమగ్గం మీద నేశారు.”

సంఘం ప్రెసిడెంటు పెద్దిరాజుగారు కుర్చీలోంచి సగం లేచి, ఆ సగంలోనే ఉండిపోయారు. “అదేంటండి? బయట మగ్గాల చప్పుడు వినపడట్లేదా?”

“మగ్గాలున్నాయి, సరే. ఈ గుడ్డ వాటి మీదే నేశారని రుజువేంటి? చేత్తో నేస్తే ఎక్కడో ఓ పోగు తప్పుతుంది. ఇందులో ఒక్క తప్పు లేదు. మనిషి చెయ్యి ఇలా ఉండదండి. నేను పాస్ చెయ్యలేను.”

ఆయన పాస్ చెయ్యకపోతే లోడు కదలదు. లోడు కదలకపోతే వచ్చే ఏడాది ఆర్డరు లేదు, నలభై మగ్గాలూ ఆగిపోతాయి. గుమ్మం దగ్గర మూగిన నేతవాళ్లందరూ ఏసమ్మత్త వైపు తిరిగారు. ఇరవై ఏళ్లుగా తప్పున్న ప్రతి తానునీ వాళ్ల మొహాన కొట్టింది ఆవిడే కదా.

“సరిపోయిందా ఏసమ్మా,” అన్నారు పెద్దిరాజుగారు. “ఏరి ఏరి మనల్ని మిషన్లని చేశావు.”

ఏసమ్మత్త భూతద్దాన్ని చెంగుతో తుడుచుకుని సురేష్‌బాబు ఎదురుగా వచ్చి కూర్చుంది.

“బాబూ, మా చేతులు వణకాలని మీ జర్మనీవాళ్లు కాగితంలో ఏమన్నా రాసుకున్నారా?”

“అలా అని కాదు మేడం...”

“చెడ్డగా నేస్తే చేతకానివాళ్లం. బాగా నేస్తే దొంగలం. ఎలా నేస్తే మేం మనుషులమవుతామో అది చెప్పండి.”

“నాకు రుజువు కావాలి మేడం.”

“ఇలా రండి.” ఆయన కాలరు దొరకబుచ్చుకుంది. “యాభై రెండు. మూడు చోట్ల పోగే లేదు. మీ లెక్కన ఇది చేత్తో నేసిందే. దీన్ని పంపండి జర్మనీకి, పాసైపోద్ది.”

అందరూ నవ్వారు. సురేష్‌బాబు నవ్వలేదు. ఫోను జేబులో వేసుకుని బ్యాగు జిప్పు లాగాడు. ఆ చప్పుడుకి నవ్వులు ఆగిపోయాయి.

ఏసమ్మత్త కుర్చీ వెనక్కి జరిపి లేచింది. “సుకుమారూ, ఆ మూల కట్ట పట్రా,” అంది నాతో.

కట్ట ఎత్తుకోగానే నాకు అర్థమైంది. తాడు పళ్లతో బిగించి కట్టిన ముడి అది. సంఘంలో అలా కట్టేది బంగార్రాజుగారొక్కరే. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి తగ్గింది గానీ ఎడమచేతికి వణుకు మిగిలింది. “ఒక్క తాను వెనక్కొచ్చినా మగ్గం దిగిపోతాను, ఇంకెక్కను” అని అప్పట్లో అందరి ముందూ అన్నారు. ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆయనా గుమ్మంలోనే నిలబడి చూస్తున్నారు.

ఏసమ్మత్త తాను విప్పి వెలుతురికి పట్టి, ఒకచోట వేలు పెట్టింది. సురేష్‌బాబుకి ఏమీ కనపడలేదు. ఆవిడ మెళ్లోంచి భూతద్దం తీసి ఆయన చేతిలో పెట్టింది. అంతకుముందు ఎవరికైనా అది ఇవ్వడం నేను చూడలేదు. ఆయన నిమిషంసేపు కళ్లు చికిలించాడు.

“ఇక్కడ అడ్డం పోగు తప్పింది. తర్వాత... సూదితో వేశారు.”

“ఇక్కడా ఒకటి. ఇక్కడ ఇంకోటి,” అంటూ ఏసమ్మత్త వేలు జరిపింది.

“ఒకదానికొకటి పోలిక లేదు,” అన్నాడాయన, ఇంకా వంగి చూస్తూ. “మిషను తప్పితే ఒకేలా తప్పుతుంది. ఇది మనిషి చెయ్యే. సూది పని ఎవరిది మేడం?”

“నాదే. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి పట్టుకెళ్తాను.”

పెద్దిరాజుగారి నోరు తెరుచుకుంది. “ఎవరి తానులివి? అందరివీ వెనక్కి కొట్టి వీటికి సూది పట్టావా? మగ్గం నంబరెంత?”

ఏసమ్మత్త బంగార్రాజుగారి వైపు పొరపాటున కూడా చూడలేదు.

“గుర్తులేదండి,” అంది.

సంఘం ఓటరు లిస్టులో అందరి చొక్కా పోగులూ ఒప్పచెప్పగల మనిషి, ఒక అంకె మర్చిపోవడం అదే మొదటిసారి.

సురేష్‌బాబు ఫోటోలు తీసి జర్మనీకి పంపాడు. మూడు గంటలు అక్కడ వాళ్లూ ఇక్కడ మేమూ పని మానుకుని కూర్చున్నాం. నాలుగోసారి టీలు తెచ్చాక జవాబు వచ్చింది. సరుకు పాస్. పైగా ఆ సూది పని వాళ్లకి తెగ నచ్చిందట. వచ్చే ఏడాది ప్రతి తానులోనూ అలాంటిది ఒకటి కావాలన్నారు.

“కుదరదని రాయండి,” అంది ఏసమ్మత్త. “తప్పులు మేం ఆర్డరు మీద నెయ్యం.”

లోడు ఎక్కిస్తుంటే బంగార్రాజుగారు వ్యాను దగ్గరికి వచ్చారు. ముడి సంగతి నాకు తెలిసిందని ఆయనకీ తెలిసినట్టుంది.

“పోగు తప్పితే ముందు నేసేవాడి చేతికే తెలుస్తుందిరా,” అన్నారు. “రెండేళ్లు ఒక్క తానూ వెనక్కి రాకపోతే నా చెయ్యి బాగుపడిందనుకుంటానేంటి? ఆవిడకి మాత్రం చెప్పకు. నాకు తెలీదనుకుంటోంది. అలాగే అనుకోనీ.”

చెప్పొద్దన్నారు కాబట్టి నేరుగా వెళ్లి చెప్పాను.

“అత్తా, నీ రాతిగుండె సంగతి బయటపడింది. బంగార్రాజుగారికి అంతా తెలుసంట. ఈ లోడులోనే ఆయన కోసం వంద తానుల్లో వెయ్యి చోట్ల సూది వేశావంటగా.”

ఆవిడ అప్పటికే నా చొక్కా అంచు పట్టుకుని ఉంది. తల ఎత్తలేదు.

“తొమ్మిది తానులు. ముప్పై ఏడు చోట్లు. అందులో నాలుగు నీ వ్యాను మేకుకి తగులుకుని చిరిగినవి.”