తెర నల్లబడిన అర నిమిషం

నేను పనిచేసే మల్టీప్లెక్సు ఎదురుగా ఒక చెరకురసం బండి ఉంది. ఎండ ముదిరాక ఆ బండి మనిషి ఐసు గడ్డను గోనెసంచిలో చుట్టి కర్రతో కొడతాడు. ఆ మొద్దు చప్పుడు వినబడితే చాలు, చేస్తున్న పని ఆగిపోతుంది. ఫిషింగ్ హార్బర్లో, ఐసు ఫ్యాక్టరీ వెనక, ఒక మధ్యాహ్నమంతా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ రోజు నా ముందు మెట్ల మీద కూర్చున్న మనిషి అప్పలనర్సయ్య గారు. పూర్ణా మార్కెట్‌కు దగ్గర్లో ఉండే ఒక పాత సినిమా హాలుకు ఆయన మేనేజరు. ఆ హాలు బుకింగ్ కౌంటర్లో నేను నాలుగేళ్లు టికెట్లు ఇచ్చాను.

మాది గోదావరి వైపు. నాన్నకు పోర్టులో ఉద్యోగం రావడంతో విశాఖ వచ్చాం. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు ఉద్యోగమిచ్చిన మొదటి మనిషి ఆయనే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవారు. ముప్పయ్యేళ్లు సినిమా హాల్లో గడిపిన ఆ మనిషి సినిమాలు చూసేవారు కాదు. ఆట వదిలే వేళకు పక్క గుమ్మం దగ్గర, దాని కర్టెను పట్టుకుని నిలబడి, బయటికొచ్చే వాళ్ల మొహాలు చూసేవారు. కారణం అడిగితే, "సినిమా సగం లోపల ఆడతాది పాపా. మిగతా సగం ఈ గుమ్మంలోంచి బయటికొత్తాది" అన్నారు. ఒకసారి పడిపడి నవ్వించే సినిమా చూసి వస్తున్న జనంలోంచి ఒక పెద్దావిడను పక్కకు పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చారు. ఆవిడ గంటసేపు ఏడ్చి వెళ్లిపోయింది. ఏమైందో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నాకు మాత్రం అదంతా చాదస్తంగా కనిపించింది.

ఆ తరువాతి వేసవిలో పేకాట సినిమా వచ్చింది. సముద్రం మీద ఓడలో జూదం, తెల్ల సూటు వేసుకున్న హీరో, ఒక హత్య. చూడటానికి కళ్లు చెదిరేలా తీశారు. కథ మాత్రం ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోయి, ఎవరు ఎవర్ని చంపారో తేలదు. ఆఖర్న హీరో చివరి ముక్క బోర్లా పెడతాడు. అక్కడ తెర నల్లబడిపోతుంది. అర నిమిషం పాటు బొమ్మ లేదు, చప్పుడు లేదు. తరువాత పేర్లు పడతాయి.

మొదటి ఆటకే హాలు రెండుగా చీలిపోయింది. ఆ అర నిమిషంలో సగం మంది ఆపరేటర్ని తిట్టారు. సగం మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బయటికొచ్చాక కౌంటరు ముందే గొడవ.

"ఏటి బావా ఇది, ఆడు సచ్చినాడా బతికినాడా? ఆ ముక్కొక్కటి సెప్పమను సాలు" అని ఒక ఆటో డ్రైవరు.

"అది సెప్పకపోడమే గొప్ప బావా. నీకేం కనిపించిందో అదే క్లైమాక్సు" అని అతని స్నేహితుడు.

అప్పలనర్సయ్య గారు ఇద్దరి మాటా వినలేదు. వాళ్ల వెనక వస్తున్న ఒక మనిషిని చూస్తున్నారు. ముప్పై అయిదేళ్లుంటాయి. గాజువాక వైపు ఏదో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరట. పేరు సన్యాసిరావని, ఊరు పద్మనాభం దగ్గరని తరువాత తెలిసింది. అతని మొహంలో కోపం లేదు, మెప్పు లేదు. నిద్రలో నడుస్తున్నవాడిలా మెట్లు దిగి వెళ్లాడు.

మర్నాడు మ్యాట్నీకి మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగో రోజు టికెట్ తీసుకుంటూ నాతో అన్నాడు: "ఆఖర్న ఆడు ఐసు ఫ్యాక్టరీ ఎనక మెట్లు దిగుతాడు కదండీ, సెప్పులు పక్కనెట్టీసి. అది బాగా తీసారు."

"అలాంటి సీను లేదండీ ఇందులో" అన్నాను.

అతను నన్ను చూసి జాలిగా నవ్వాడు. "మీరు సరిగ్గా సూసుండరు."

ఆ తరువాత రోజుకో ముక్క కలిపేవాడు. మూడో మెట్టు విరిగి ఉంటుందట. విరిగినచోట పచ్చగా నాచు పట్టి ఉంటుందట. హీరో ఫోను తీసి చెప్పుల మీద పెడతాడట. అది మోగుతూనే ఉంటుందట. మా గేట్‌కీపర్ని అడిగాను, ఆపరేటర్ని అడిగాను. ఎవరూ చూడలేదు. అనుమానం తీరక ఒక మ్యాట్నీకి నేనే లోపలికెళ్లి కూర్చున్నాను. ఇరవై మంది ఉన్నారేమో. ముందు నుంచి నాలుగో వరసలో అతనొక్కడు. తెర నల్లబడింది. ఆ చీకట్లో నాకు మెట్లు కనిపించాయి. మూడోది విరిగి ఉంది. నీళ్లు దాన్ని తాకి వెనక్కి పోతున్నాయి. దీపాలు వెలిగాక చూస్తే, అతను ఖాళీ తెరకేసి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఎవరికో జవాబు చెబుతున్నట్టుగా ఉంది.

శుక్రవారం ఆ సినిమా తీసేశాం. సన్యాసిరావు మామూలు వేళకే వచ్చి, కొత్త పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"తీసీసారా?"

"తీసేశామండీ. జనం రావడం లేదు."

"అయితే ఇంక అయిపోయినట్టే" అని వెనక్కి తిరిగాడు. నేను వెనకవాళ్లకు టికెట్లు కొడుతూ కూర్చున్నాను. ఆ మాట మాత్రం చెవిలోంచి పోలేదు. ఆట మొదలయ్యాక అప్పలనర్సయ్య గారి గదిలోకి వెళ్లి, ఈ వారం రోజుల సంగతీ వింతగా, కొంచెం నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"సినిమాలో నేని సీను సెప్తన్నాడంటే అది ఆడి సీను పాపా. ఆటో పిలు, హార్బరుకెల్లాల."

హార్బర్లో చేపల వేలంపాట ఎప్పుడో తెల్లారే అయిపోయింది. ఐసు కొట్టే చప్పుడు తప్ప మనుషుల అలికిడి లేదు. ఫ్యాక్టరీ వెనక్కి నేను అంతకుముందు ఎన్నడూ వెళ్లలేదు. అయినా మలుపు తిరగగానే ఆ మెట్లను గుర్తుపట్టాను. మూడోది విరిగి, పచ్చగా నాచు పట్టి ఉంది. పై మెట్టు మీద సన్యాసిరావు కూర్చున్నాడు. పక్కన చెప్పులు, వాటి మీద మోగుతున్న ఫోను.

నేను కేక వేయబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. మెల్లగా వెళ్లి, అతనికీ నీళ్లకీ మధ్య, నాచు పట్టిన ఆ విరిగిన మెట్టు మీదే కూర్చున్నారు. తెల్ల ప్యాంటు తడిసిపోయింది.

"తరవాతేటి బాబూ?" అని అడిగారు.

"తరవాతేటీ నేదు. అక్కడితో అయిపోద్ది."

"అయిపోదు. హాలు మేనేజర్ని నాను. నాకు తెల్దా? ఆడు ఫోను ఎత్తుతాడు."

"ఎత్తడు. ఎత్తితే ఏటి సెప్తాడు? ఫోన్లో పేకాటాడి అంతా ఊడ్సీసినానని సెప్తాడా? పెల్లాం పుస్తెలు కూడా పోనాయని సెప్తాడా?"

అప్పలనర్సయ్య గారు నీళ్లకేసి చూస్తూ అన్నారు: "మా తమ్ముడు కూడా ముక్కలాడీవోడు. ఓ రోజు అన్నం తింటా, కలలో రైలు పట్టాలెంట నడిసినానన్నాడు. ఏ కంకర, ఏ స్తంభం, అన్నీ సెప్పినాడు. నాను నవ్వీసినాను. తరవాతేటని అడగనేదు. మర్నాడు అదే స్తంభం కాడ దొరికినాడు. అందుకే అడుగుతన్నాను. తరవాతేటో నువ్వు సెప్పీదాకా నాను ఈ మెట్టు మీంచి నెగను."

ఐసు చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. సన్యాసిరావు భుజాలు అదరడం వెనక నుంచి చూశాను. ఎండ మెట్ల మీంచి తప్పుకున్నాక అతను ఫోను అందుకున్నాడు. "నానే" అన్న మాట ఒక్కటే నాకు వినిపించింది. పద్మనాభం నుంచి అతని బావమరిది బండి మీద వచ్చేదాకా అప్పలనర్సయ్య గారు అతని మణికట్టు వదల్లేదు.

తిరుగుదారిలో ఆటోలో అడిగాను: "ఆ మెట్లు నాకెలా కనిపించాయండీ చీకట్లో?"

"సెప్పినోడి కల్లతో సూసుంటావు" అన్నారు. ఆ జవాబు నాకు సగమే సరిపోయింది. మిగతా సగం ఇప్పటికీ తేలలేదు.

సన్యాసిరావు ఒక్కసారిగా మారిపోలేదు. రెండుసార్లు మళ్లీ ఫోన్లో ఆటకు దిగాడు. రెండుసార్లూ అప్పలనర్సయ్య గారు బస్సెక్కి పద్మనాభం వెళ్లి, అతని అరుగు మీద పొద్దంతా కూర్చుని వచ్చారు. మనిషి బతికున్నాడు, పొలం పని చూసుకుంటున్నాడు. మా హాలు మూతపడి బట్టల గోడౌన్ అయింది. ఆ మరుసటి ఏడాది అప్పలనర్సయ్య గారు జబ్బుచేసి పోయారు. దహనానికి వచ్చినవాళ్లలో నాకు ముఖం తెలియనివాళ్లే ఎక్కువ. ఎవరు ఏ ఆట వదిలాక ఆయన కంటపడ్డారో ఊహించుకుంటూ నిలబడ్డాను.

మొన్నామధ్య మా దగ్గర పాప్‌కార్న్ అమ్మే అమ్మాయి, డ్యూటీ దిగి బస్టాపుకు నాతో నడుస్తూ, వాళ్ల మేడ పిట్టగోడ గురించి మాట్లాడింది. దాని ఎత్తెంతో, మీద రంగెక్కడ ఊడిందో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

"తరువాత?" అని అడిగాను.

నా బస్సు వచ్చింది. అది వెళ్లిపోయాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.