కాళ్లకు జాగా

పాలమూరులో నేను పనిచేసిన ప్రెస్సుకు కంప్యూటర్ కంటే ముందు దాని బల్ల వచ్చింది. అది నా ఛాతీ దాకా ఉంది. వడ్రంగి కొలత తప్పాడేమో అనుకున్నాను. ఏమీ తప్పలేదు, మా సాబ్ కావాలనే అట్లా చేయించాడు.

సాబ్ వయసంతా సీసం అక్షరాలు ఏరి పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు కూర్చినవాడు. ఆ పని నిలబడే చేస్తారు. అక్షరాల అరలు చెయ్యి చాపితే అందే ఎత్తులో ఏటవాలుగా ఉంటాయి. కంప్యూటర్ కూడా అక్షరాలు కూర్చేదే కదా, దాని ముందూ నిలబడాల్సిందేనని ఆయన లెక్క.

"కూసుంటే నిద్రొస్తది బిడ్డా. నిద్రొస్తే తప్పులు పడతయి," అన్నాడు.

ఆయన తాటిచెట్టంత మనిషి. నేను పొట్టిదాన్ని. సాయంత్రానికి నా పాదాలు పూరీల్లా పొంగడం చూసి, జాలిపడి, ఎక్కడినుంచో ఎత్తు స్టూలు ఒకటి తెచ్చి వేశాడు. దాని మీద కూర్చుంటే కాళ్లు గాలిలో వేలాడేవి. పడిపోకుండా బల్ల మీదికి వంగి, భుజాలు బిగబట్టి టైపు చేసేదాన్ని. కొన్నాళ్లకు కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. జడ కూడా మా మేనత్తే వేసేది. నేనుండేది ఆమె ఇంట్లోనే. జడ వేసినంతసేపూ తిట్టేది, ఒక రోజు ఆలేరు దగ్గరి మా ఊరికి, మా బాపుకు కబురు పెట్టింది.

నాకు భయం పట్టుకుంది. మాది మగ్గం ఇల్లు. వెనక్కి వెళితే మళ్లీ కండెలకు నూలు చుట్టడమే. కండెలు చుట్టడం చిన్నతనమని కాదు, నాకది ఎన్నడూ సరిగ్గా రాలేదు, దారం తెంపి తిట్లు తినడమే వచ్చింది. ఈ టైపు మాత్రం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నాకు బాగా వచ్చిన మొదటి పని అది. దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

బాపు గంజి పెట్టిన తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. స్టూలు పక్కన గొంతుక్కూర్చుని, నా మొహం కూడా చూడకుండా, వేలాడుతున్న నా కాళ్లను చూశాడు.

"కాళ్లకు జాగా లేదు. కాళ్లు గాలిల ఉంటే చేతులు ఎట్ల కుదురుతయి? నడువు బిడ్డా, ఇంటికి పోదాం."

"నేను రాను బాపూ," అన్నాను.

మా ఇంట్లో బాపుతో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆయన సాబ్ వైపు తిరిగి బల్ల దించమన్నాడు. సాబ్ ముందు చాయ్ తెప్పించాడు.

"గీ బల్ల దించితే నా నడుము పోతది పెద్దమనిషీ. పొద్దుమీకి నేను గూడ నేర్చుకుంటున్న. రెండు బల్లలకు ఈడ జాగా యాడిది?" అన్నాడు.

బల్ల చేసిన వడ్రంగినే పిలిపించారు. బల్ల కాళ్లు రెండు ముక్కలుగా చేసి, వరసగా రంధ్రాలు పెట్టి, ఇనుప బోల్టులు బిగిస్తే ఎవరికి కావలసిన ఎత్తుకు వాళ్లు మార్చుకోవచ్చు అన్నాడతను. సాబ్ సరేనన్నాడు. బాపు మాత్రం నా కొలత తానే తీస్తానన్నాడు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, జేబులోంచి నూలుపోగు తీసి, అరికాలి నుంచి మోకాలికి ఒక ముడి, బెంచీ నుంచి మోచేతికి ఒక ముడి వేశాడు. బడికి పంపేటప్పుడు కూడా నా చెప్పుల కొలత అంత శ్రద్ధగా తీసుకోలేదు.

తీరా బల్ల తయారై ఆ బెంచీ మీద కూర్చుంటే చేతులు హాయిగా ఉన్నాయి, మెడ విరిగిపోతోంది. కంప్యూటర్ తెర నా ఛాతీకి ఎదురుగా ఉంది. బాపు మగ్గం కొలత తీశాడు మరి.

"బట్టను కిందికి సూసే నేస్తరు గద," అని బిక్కమొహం వేశాడు.

సాబ్ నవ్వి, గోడవారన పడి ఉన్న ఖాళీ అక్షరాల అరలు తెచ్చి తెర కింద పేర్చాడు. ఇప్పుడు తెర నా కళ్లకు ఎదురుగా వచ్చింది. పాదాలు నేల మీద ఆనాయి. ఒక పెళ్లిపత్రిక మొత్తం ఆగకుండా కొట్టేశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బాపు ఒక్కడే బస్సెక్కాడు.

ఆ తరువాత పొద్దున నేను బల్ల దించడం, సాయంత్రం సాబ్ లేపడం, బోల్టులు కనబడక ఒకరినొకరు అనుకోవడం మా దినచర్య అయిపోయింది. భుజం మెల్లగా నెమ్మదించింది. జడ నేనే వేసుకోసాగాను.

ఎండాకాలం ఇంటికి వెళ్లాను. ఎత్తుల సంగతి కొత్తగా వంటబట్టినదాన్ని, ఏ పీట కనబడినా తప్పు పడుతున్నాను. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజే మొదటిసారి ఆయన పాదాలు చూశాను. గుంట అడుగున ఉన్న తొక్కుడు చెక్కలను అందుకోవడానికి అంచుకు జారి, నడుము వంచి, మునివేళ్లతో తొక్కుతున్నాడు.

"గుంట నీకు లోతు ఉంది బాపూ."

"మీ తాత తవ్వుకున్నడు. ఆయన పొడుగు."

"జర మట్టి పోస్తే అయిపోయేది గదా, ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవు?"

ఆయన పడుగు మధ్య నాడెను అటూ ఇటూ విసరడం ఆపలేదు.

"నడుము నొప్పి మగ్గమోనికి ఉండేదే అనుకున్న," అన్నాడు.

పోగు అడిగి తీసుకుని ఆయన కాలు కొలిచాను. మధ్యాహ్నం చెక్కలు ఊడదీసి, గంపలతో మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టాను. ఆరాక చెక్కలు మళ్లీ అమర్చి ఆయన్ను కూర్చోమన్నాను.

కూర్చున్నాడు. పాదాలు మొత్తం చెక్కల మీద ఆనాయి. నడుము నిలబెట్టి, ఒక్కో చెక్కను మెల్లగా తొక్కి చూశాడు.

"గిట్లుంటదా," అన్నాడు.