అంతా బాగుందని రాసిన వారాలు

పోయిన వారం, నేను చివరిగా పనిచేసిన కాకినాడ బడి నుంచి ఇద్దరు టీచర్లు నన్ను పిలవడానికి ఇంటికి వచ్చారు. కొత్తగా కౌన్సెలింగ్ గది కట్టారట, కరోనా రోజుల్లో పిల్లల మనసుకి ధైర్యం చెప్పిన నాచేతే రిబ్బన్ కత్తిరింపించి శాలువా కప్పుతారట. కాఫీ ఇచ్చి, రాలేనని చెప్పి పంపించాను. వాళ్ళు వదిలివెళ్ళిన ఆహ్వానపత్రిక మీద నా పేరు చూడలేక దాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. బడులు మూసేసిన ఆ ఏడాది, తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను రెండు రోజుల ఆన్‌లైన్ శిక్షణతో కౌన్సెలర్‌ని చేసేశారు. వారానికోసారి పిల్లలకి ఫోన్ చేసి, ఎలా ఉన్నారో అడిగి, ఫారంలో రాయడం నా పని. అమ్మో నాన్నో పక్కనే ఉండగా చాలామంది "బాగున్నానండి" అనేవారు, నేనూ అదే రాసేదాన్ని, నిజం చెప్పొద్దూ, పని సులువుగానే ఉందనుకున్నాను.

వాళ్ళలో రావులపాలెం దగ్గర అరటితోటల రైతు కూతురు ఒకతి ఉండేది. తొమ్మిదో తరగతి. మా బడి హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ వరండా చివరికి కూడా గొంతు వినిపించేంత వసపిట్ట. ఒక మధ్యాహ్నం తల్లి తోటకి వెళ్ళిందేమో, తనే ఫోన్ తీసింది.

"టీచర్‌గారండీ, నా జుట్టు నేనే పీకేసుకుంటున్నానండి. ఆపుదామన్నా చెయ్యి ఆగట్లేదు. అమ్మకి చెప్పకండి, తిడుతుంది."

ఆ సాయంత్రమే మా ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. "ఇలాంటివి కాగితం మీద పెడితే బడి పేరేమవుతుందండీ? ఈ వయసులో మామూలే. బాగుందని రాసెయ్యండి" అన్నారాయన. రాసేశాను. రిటైర్మెంట్ దగ్గరపడింది, ఇప్పుడాయనతో గొడవెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తరువాతి వారం ఫోన్ చేస్తే పిల్ల పడుకుందండి అంది తల్లి. ఆ పై వారమూ అదే మాట. రెండుసార్లూ బాగుందనే రాశాను.

ఆ తరవాత తల్లే ఏడుస్తూ ఫోన్ చేసింది. పిల్ల గదిలోంచి రావట్లేదట, అన్నం ముట్టట్లేదట. ఈసారి ఎవరినీ అడగకుండా మా ఆయనతో కారులో వెళ్ళాను. తలకి చున్నీ చుట్టుకుని, మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునుంది. పేనుకొరుకుడేమోనని తల్లి ఏవో నూనెలు రాస్తోందట. చున్నీ తీస్తే నడినెత్తిన అరచేయంత మేర బోడిగా, ఎర్రగా ఉంది.

"అమ్మకి చెప్పొద్దన్నాను గానీ, మీరొస్తారనుకున్నానండి," అంది నావైపు చూడకుండానే.

ఆ తల్లికి ఉన్నదంతా చెప్పాను, నేను రాసిన అబద్ధంతో సహా. పిచ్చి డాక్టరు దగ్గరికి మా పిల్లెందుకని తండ్రి ఎగిరాడు, బతిమాలి కాకినాడలో మంచి డాక్టరుకి చూపించాం. కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. జుట్టు వచ్చింది, ఇప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోందని విన్నాను. నాతో మాట్లాడదు, తప్పు పట్టను. ఇదంతా విన్న ప్రిన్సిపాల్‌గారు మాత్రం పిల్ల ఎలా ఉందని అడగలేదు, పాత ఫారాలు మార్చలేదు కదా అని అడిగారు. ఆయన్ని తలుచుకుంటే రోత. ఆ ఫారాల మీద నా సంతకం తలుచుకుంటే అంతకన్నా రోత.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తుని దగ్గర చిన్న ఊళ్ళో, ఏ పిల్లయినా రెండు రోజులు బడికి రాకపోతే సాయంత్రం నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు, పిల్ల ముఖం చూస్తే సగం సంగతి తెలిసిపోయేది. కౌన్సెలింగ్ అన్న మాట అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఆ పంతులమ్మ నాలోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.