లాభం, రెండు, మూడు

"సొంతంగా కోచింగ్ పెడితే మొదట మీ పేరే చెప్తా మాస్టారూ" అని పన్నెండేళ్ళ కిందట కెనడాలోని ఏజాక్స్‌లో, మా బేస్‌మెంట్‌లో నా శిష్యుడొకడు మాట ఇచ్చాడు. వాడికి దండీలు, బస్కీలు నేర్పింది నేనే.

ఈ రోజు వాడు ఆన్‌లైన్ ఫిట్‌నెస్ కోచింగ్ మొదలుపెడితే, ఉచిత క్లాసులో చేరాను. తాను కనిపెట్టిన పద్ధతి అంటూ "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టించాడు. ఒకటికి బదులు లాభం అనడం ధాన్యం కొలిచే మా నాన్న అలవాటు. వాడికి అది నా దగ్గరే అబ్బింది.

కెమెరా ఆన్ చేసి అడిగాను.

"ఆ లాభం ఎక్కడిదిరా?"

"ఓ, హాయ్ అంకుల్! మీ ఏజ్‌కి ఇది హెవీ. సీనియర్స్‌కి చెయిర్ బ్యాచ్ స్టార్ట్ చేస్తున్నా, జాయిన్ అవ్వండి" అని నన్ను మ్యూట్ చేశాడు.

పెద్దరికంగా ఊరుకోవాలా, మీరే చెప్పండి. నా పేరు చెప్పడానికి వాడికి నోరు రాలేదు. వాడి పేరు చెప్పడానికి నాకేం మొహమాటం? శ్రీధర్.